మూతి వంకర పోయినా, ఫిట్స్ వచ్చినా ముందు టైమ్ చూడండి

విశాఖలో ఈఈజీ (మెదడులోని సన్నటి కరెంట్‌ని గీతలుగా చూపించే పరీక్ష) గదిలో పని మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. పేషెంట్ తలకు వైర్లు అంటిస్తుంటే పక్కన కూర్చున్న అమ్మో, భార్యో, కొడుకో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. "ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టొచ్చా?" "నాన్నకి కాలూ చెయ్యీ పడిపోయింది, ముందు ఏ టెస్ట్ చేయించాలి?" "రిపోర్టు నార్మల్ అంటున్నారు, అంటే జబ్బు లేనట్టేనా?" గాజువాక వాళ్లూ ఇవే అడుగుతారు, అనకాపల్లి వాళ్లూ ఇవే. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. నేను టెక్నీషియన్ని, డాక్టర్ని కాను. మందు మార్చమనో మానమనో చెప్పను. ఇంట్లోవాళ్లు చేయాల్సిన పనులు మాత్రం చెబుతాను.

ఆ పనులే ఎందుకంత ముఖ్యమంటే, పక్షవాతం, ఫిట్స్ రెండింటిలోనూ డాక్టర్ చూడని ముక్క ఒకటి ఉంటుంది. చెయ్యి ఎన్ని గంటలకు పడిపోయిందో సీటీ స్కాన్ సరిగ్గా చెప్పలేదు. ఫిట్స్ ఏ వైపు నుంచి మొదలైందో మామూలు ఎమ్మారైలో కనబడదు. అది చూసింది మీరే.

ఇంట్లో ముందే ఉంచుకోవాల్సినవి

- వాడుతున్న మందుల స్ట్రిప్పుల ఫొటోలు ఫోన్‌లో. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ ఫొటో అన్నిటికంటే ముందు డాక్టర్‌కి చూపించాలి.
- పెద్దవాళ్ల బరువు ఎంతో ఒక అంకె. రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్ డోసు బరువును బట్టే లెక్కేస్తారు. మంచం మీద ఉన్న మనిషిని ఆ హడావుడిలో తూచలేరు.
- షుగర్ చూసే మీటర్, ఎక్స్‌పైరీ దాటని స్ట్రిప్పులు.
- ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు, పాత స్కాన్‌లు, అన్నీ ఒకే ఫైల్లో. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద చేరాలంటే ఆసుపత్రిలో దాని కౌంటర్‌లో ఇవే అడుగుతారు. ఫైల్ మర్చిపోతే మాత్రం సగం దారిలోంచి వెనక్కి వెళ్లకండి. వెనకాల ఎవరో ఒకరు తెస్తారు.
- మీ ఇంటికి దగ్గర్లో ఏ ఆసుపత్రిలో రాత్రిపూట కూడా సీటీ తీస్తారో, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తారో ముందే కనుక్కుని రాసుకున్న కాగితం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మహారాణిపేటలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), హనుమంతవాక దగ్గరి విమ్స్ చాలామందికి తెలిసినవే. ప్రైవేటుకి వెళ్లేట్టయితే ఈ రెండు ప్రశ్నలూ ఈరోజే ఫోన్ చేసి అడగండి. అర్ధరాత్రి అడిగే ప్రశ్నలు కావు ఇవి.

పక్షవాతం అనిపిస్తే

1. మూడు పరీక్షలు చేయండి. పళ్లు కనబడేలా నవ్వమనండి, మూతి ఒక పక్కకు లాగుతోందేమో చూడండి. రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోమని పది లెక్కపెట్టండి, ఒక చెయ్యి కిందికి జారుతోందా? "సింహాచలం కొండ మీద అప్పన్న ఉన్నాడు" అని చెప్పించండి, మాట ముద్దగా వస్తోందా, తడబడుతోందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా చాలు. ఉన్నట్టుండి తూలిపోవడం, ఒక్కసారిగా చూపు పోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి పిడుగు పడ్డట్టు రావడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

2. టైమ్ రాసుకోండి. మీరు చూసిన టైమ్ కాదు, మనిషి చివరిసారి మామూలుగా ఉన్న టైమ్. ఇక్కడే అందరూ తప్పు చెబుతారు. ఉదాహరణకి, 7 గంటల 10 నిమిషాలకు నాన్నగారు పేపర్ చదువుతూ కాఫీ అడిగారు. 8 గంటలకు మీరు చూసేసరికి కుర్చీలో ఒక పక్కకు వాలిపోయి ఉన్నారు. డాక్టర్ లెక్క 7.10 నుంచి మొదలవుతుంది, 8 నుంచి కాదు. రాత్రి మామూలుగా పడుకుని పొద్దున్న లేచేసరికి చెయ్యి రాకపోతే, పడుకున్న టైమే లెక్క.

   గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. గడ్డ పెద్ద రక్తనాళంలో ఉంటే, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి దాన్ని బయటికి లాగేసే పద్ధతి ఉంది. స్కాన్ చూసి కొందరికి 24 గంటల వరకూ చేస్తారు. కాబట్టి "టైమ్ దాటిపోయింది కదా, రేపు వెళ్దాం" అనుకోవద్దు.

3. 108కి ఫోన్ చేయండి. "పక్షవాతం అనుమానం, ఇన్ని గంటలకు మొదలైంది" అని ఆ ముక్కే మొదట చెప్పండి. బండి రావడం ఆలస్యమయ్యేలా ఉంటే సొంత కారులోనో, అద్దె కారులోనో బయల్దేరండి. వెనక సీట్లో పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల దగ్గర ఒకరు కూర్చోండి. అరకు, పాడేరు వైపు వాళ్లకు ఘాట్ దిగి విశాఖ చేరేసరికే గడువులో చాలా భాగం అయిపోతుంది. దారిలో సీటీ ఉన్న ఆసుపత్రి ఏదైనా తగిలితే అక్కడ ఆగడమా, నేరుగా రావడమా అన్నది 108 వాళ్లని అడిగి నిర్ణయించుకోండి.

4. షుగర్ చూడండి, అర నిమిషం పని. షుగర్ బాగా పడిపోయినా మాట తడబడుతుంది, చెయ్యి రాదు. అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. తక్కువగా ఉంటే ఆ అంకె కూడా 108 వాళ్లకి చెప్పండి. అంతేగానీ దానికోసం ప్రయాణం ఆపకండి.

5. నోట్లో ఏమీ పెట్టకండి. నీళ్లు, కాఫీ, పంచదార, మందుబిళ్ల, ఏదీ వద్దు. మింగే శక్తి పోయి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తుంది.

6. ఆస్పిరిన్ సొంతంగా వేయకండి. గుండెపోటుకు విన్న సలహా ఇక్కడ పనికిరాదు. నూటికి ఎనభై పైచిలుకు పక్షవాతాలు రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చేవే, నిజమే. మిగతావి రక్తనాళం చిట్లి రక్తం కారడం వల్ల వస్తాయి, వాటికి ఆస్పిరిన్ ఇస్తే నిప్పుకు నెయ్యి పోసినట్టే. ఏది ఏదో చెప్పేది స్కానే. బీపీ ఎక్కువ చూపిస్తోందని నాలుక కింద బిళ్ల పెట్టడం కూడా వద్దు. ఆ సమయంలో బీపీ గభాలున పడిపోతే మెదడుకు అందుతున్న కాస్త రక్తమూ తగ్గుతుంది.

7. ఆసుపత్రి గుమ్మంలో చెప్పాల్సింది: చివరిసారి బాగున్న టైమ్, బరువు, రక్తం పలచబడే మందు వాడుతున్నారా, ఈ మధ్య ఆపరేషన్ గానీ తలకు దెబ్బ గానీ ఉన్నాయా. "సీటీ ఎప్పుడు తీస్తారు?" అని అడగండి. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడొద్దు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

నా సంగతి ఒకటి చెప్పాలి. మా మావయ్యగారు ఒక రాత్రి ఫోన్‌లో నాతో మాట్లాడుతుంటే మాట ముద్దగా వచ్చింది. ఇదే డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే మనిషిని, "అలసిపోయినట్టున్నారు, పడుకోండి" అన్నాను. తెల్లవారుజామున చూస్తే కుడిచెయ్యి లేవలేదు. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి టైమ్ దాటిపోయిందన్నారు. ఇప్పటికీ ఆయన ఎడమచేత్తోనే అన్నం తింటారు. టైమ్ గురించి ఇంతలా విసిగిస్తున్నానంటే కారణం అదే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇంకో మూడున్నాయి. మూతి వంకర పది నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటే "తగ్గిపోయింది" అని ఊరుకుంటారు. అది పెద్దది రాబోతోందన్న హెచ్చరిక కావచ్చు, తర్వాతి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం. అదే రోజు చూపించాలి. రెండోది, మొదటి గంటల్లో తీసిన సీటీ నార్మల్‌గా వస్తే ఇంటికి బయల్దేరడం. గడ్డవల్ల వచ్చిన పక్షవాతం తొలి గంటల్లో సీటీలో తేలకపోవచ్చు. ఆ సీటీ తీసేది ముఖ్యంగా రక్తం కారలేదని తేల్చుకోడానికే. మూడోది పావురం రక్తం. ఆసుపత్రి నుంచి మధ్యలో తీసుకెళ్లిపోయి పావురం రక్తంతో మర్దనా చేయించి, నెల తర్వాత బిగుసుకుపోయిన చేతితో తిరిగొచ్చినవాళ్లను చూశాను. ఆ నెల ఫిజియోథెరపీకి అన్నిటికంటే విలువైన నెల.

ఇంటికి వచ్చాక మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపకండి, భుజం కీలు జారుతుంది. నడుం దగ్గర పట్టుకోండి.

ఎదురుగా ఫిట్స్ వస్తే

1. వాచీ చూడండి. ఒక నిమిషం కూడా పది నిమిషాల్లా అనిపిస్తుంది. గడియారం చూడనివాళ్లందరూ "అరగంట కొట్టుకున్నాడండీ" అనే చెబుతారు.

2. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరపండి. తల కింద తువ్వాలు మడతపెట్టండి. కళ్లజోడు తీయండి, మెడ దగ్గర బొత్తాలు వదులు చేయండి.

3. పక్కకు తిప్పండి. నురగ, వాంతి బయటికి కారిపోవాలి. కొట్టుకుంటున్నప్పుడు తిప్పడం కుదరకపోతే, ఆగిన వెంటనే తిప్పండి.

4. కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. తాళాలు, ఇనప ముక్క, ఉల్లిపాయ, చెప్పు వాసన, వీటిలో ఏదీ ఫిట్స్‌ని ఆపదు. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. ఆగే వేళకి ఎవరో తాళాలు పెడతారు, పేరు తాళాలకు వస్తుంది. నోట్లో చెంచా, వేలు పెట్టకండి. నాలుక కరుచుకుంటే వారంలో మానుతుంది. విరిగిన పన్ను గొంతులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

5. ఇంకొకరు ఉంటే వీడియో తీయమనండి. మనిషి అలా ఉంటే ఫోన్ పట్టుకోవడమేంటని మొహమాటపడతారు. కానీ డాక్టర్‌కి నా ఈఈజీ కంటే ఆ నలభై సెకన్ల వీడియోనే ఎక్కువసార్లు పనికొస్తుంది. మొహం, రెండు చేతులు, రెండు కాళ్లు పడేలా తీయాలి, దుప్పటి తీసేయాలి. కళ్లు తెరిచి ఉన్నాయా, తల ఎటు తిరిగింది, ముందు ఏ చెయ్యి కదిలింది, ఇవన్నీ పైకి చెబుతూ తీస్తే ఇంకా మంచిది. అది డాక్టర్‌కే, ఫ్యామిలీ గ్రూపులో పెట్టడానికి కాదు.

6. 108కి వెంటనే ఫోన్ చేయాల్సిన సందర్భాలు: 5 నిమిషాలు దాటడం, తెలివి రాకముందే మళ్లీ రావడం, గర్భిణికి రావడం, నీళ్లలో ఉండగా రావడం, తలకు దెబ్బ తగలడం, జీవితంలో మొదటిసారి రావడం. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టర్ ముందే రాసిచ్చి ఉంటే, 5 నిమిషాలకు ఆయన చెప్పినన్ని కొట్టండి.

7. ఆగాక పక్కనే ఉండండి. అయోమయంగా చూస్తారు, లేచి నడవబోతారు, మనల్ని తోసేస్తారు కూడా. పూర్తిగా తెలివొచ్చి పేరు, ఊరు చెప్పేదాకా నీళ్లివ్వకండి.

పెద్దగా కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకోవద్దు. అన్నం తింటూ పిల్లాడు పది సెకన్లు శూన్యంలోకి చూసి, మళ్లీ ఏమీ జరగనట్టు ముద్ద కలపడం కూడా ఫిట్స్ కావచ్చు. రోజుకి పదిసార్లు అలా అవుతుంటే "చదువు మీద ధ్యాస లేదు" అని తిట్లు తినే పిల్లలు నా గదిలోకి తరచూ వస్తారు.

ఈఈజీకి వచ్చేముందు

1. ముందురోజు రాత్రి షాంపూతో తలస్నానం చేయండి, నూనె చుక్క కూడా రాయకండి. కొబ్బరినూనె ఉంటే పేస్ట్ అంటుకోదు, గీతల నిండా చెత్త వస్తుంది. ఆసుపత్రికి వెళ్తున్నామని నీటుగా నూనె రాసి జడ వేసి తీసుకొచ్చే అమ్మలని రోజూ ఒకరినైనా చూస్తాను.

2. టిఫిన్ తిని రండి, ఖాళీ కడుపు అక్కర్లేదు. మామూలు మందులు వేసుకునే రండి. డాక్టర్ ఆపమంటేనే ఆపాలి.

3. నిద్ర తగ్గించి రమ్మంటే నిజంగా తగ్గించండి. భీమిలి నుంచి ఒకావిడ ఏడేళ్ల పాపని కథలు చెబుతూ తెల్లవార్లూ మేలుకోబెట్టింది. పొద్దున్నే బస్సెక్కారు. కిటికీ గాలి తగిలి పాప ఋషికొండ దాటకముందే నిద్రపోయింది. నా గదికి వచ్చేసరికి కళ్లు మిలమిలలాడుతూ కూర్చుంది, చీకటి చేసినా జోకొట్టినా పడుకోలేదు. దారిలో పిల్లల్ని మాటల్లో పెట్టే మనిషి ఇంకొకరు తోడుండాలి.

4. కరెంట్ పెడతారని భయపడకండి. తలమీద అంటించే ఇరవై దాకా వైర్లూ మెదడు నుంచి వచ్చే సన్నటి కరెంట్‌ని చదువుతాయంతే, లోపలికి ఏమీ పంపవు. అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. మధ్యలో మూడు నిమిషాలు గట్టిగా గాలి పీల్చి వదలమంటాం, కళ్ల ముందు లైటు మిణుకు మిణుకుమనిపిస్తాం.

ఎమ్మారై అయితే లోహం ఏదీ ఒంటిమీద ఉండకూడదు. మంగళసూత్రానికి గుచ్చుకునే పిన్నీసులు అందరూ మర్చిపోయేవి, ముందే తీసి పెట్టుకోండి. ఒంట్లో స్టెంటు, రాడ్, పేస్‌మేకర్ ఉంటే తప్పక చెప్పాలి.

రిపోర్టు వచ్చాక

ఈఈజీ నార్మల్ అంటే మూర్ఛ (మళ్లీ మళ్లీ ఫిట్స్ వచ్చే జబ్బు) లేదని కాదు. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి మొదటి ఈఈజీలో ఏమీ దొరకదు. వచ్చింది ఫిట్సేనా, సొమ్మసిల్లడమా అన్నది చూసినవాళ్లు చెప్పే మాటను బట్టే చాలావరకు తేలుస్తారు. అలాగే ఒకసారి ఫిట్స్ వచ్చినంత మాత్రాన జీవితాంతం మందులని కాదు. బాగా జ్వరమో, షుగర్ పడిపోవడమో, తాగుడు ఒక్కసారిగా మానేయడమో కారణం కావచ్చు.

స్కాన్‌లో "పురుగు" అన్నారని కంగారు పడకండి. బద్దెపురుగు గుడ్లు ఒంట్లోకి చేరి మెదడులో చిన్న తిత్తిలా మారడం మన దేశంలో ఫిట్స్‌కి మామూలు కారణాల్లో ఒకటి. మాంసం ముట్టని ఇళ్లలోనూ వస్తుంది, సరిగ్గా కడగని పచ్చి కూరలు చాలు. నులిపురుగుల బిళ్ల మందుల షాపులో దొరుకుతుంది కదా అని మీరే వేసేయకండి. లోపల వాపు పెరిగి ఫిట్స్ ఎక్కువవుతాయి, డాక్టర్లు వాపు తగ్గించే మందుతో కలిపి ఇస్తారు.

మందులు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం

గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు. ఫిట్స్ వచ్చిన తేదీకి సున్నా చుట్టండి, పక్కన ఎన్ని నిమిషాలో రాయండి. మందు మర్చిపోయిన రోజున అడ్డగీత పెట్టండి. మూడు నెలలు తిప్పి చూస్తే సున్నాలన్నీ అడ్డగీతల పక్కనే కనబడతాయి చాలామందికి. అలాంటప్పుడు లోపం మందుది కాదు. సరైన మందు సరిగ్గా వేసుకుంటే నూటికి డెబ్బై మందికి దాకా ఫిట్స్ ఆగిపోతాయి.

ఆగాయి కదా అని మానేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక, డాక్టరే ఆలోచించి మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఆడపిల్లలకు పెళ్లి మాట వచ్చేముందే డాక్టర్‌తో మాట్లాడండి. వాల్‌ప్రోయేట్ లాంటి మందు కడుపులో బిడ్డకు మంచిది కాదు, గర్భం రాకముందే మార్చాలి. గర్భం వచ్చాక భయపడి సొంతంగా ఆపేస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. ఇంకో మాట, మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లిని రద్దు చేయమని అడిగే వీలు హిందూ వివాహ చట్టంలో 1999 నుంచి లేదు. సంబంధాలు చూసేటప్పుడు దాచమని సలహా ఇచ్చే పెద్దలకు ఇది చెప్పండి.

నిద్ర చెడితే ఫిట్స్ వస్తాయి. శివరాత్రి జాగరణ వద్దు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చాలామంది రాత్రంతా నడుస్తారు. మొక్కు ఉంటే పగటిపూట కాస్త దూరం నడిచి, రాత్రి మాత్ర వేళకి ఇంట్లో ఉండండి. బీచ్‌లో మోకాళ్ల లోతు దాటొద్దు, అది కూడా తోడు ఉంటేనే. బండి నడపడం గురించి డాక్టర్‌ని అడగకుండా తాళం ముట్టుకోవద్దు.

ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వెళ్లే కుర్రాళ్లు ఒకసారి వెళ్తే పది, పదిహేను రోజులు రారు. లెక్కపెట్టి పదిహేను బిళ్లలే తీసుకెళ్లి, తుఫానుకి ఇంకెక్కడో ఆగిపోయి, పదహారో రోజు డెక్ మీద పడిపోయిన కేసు ఒకటి మా దగ్గరికి వచ్చింది. నిజానికి బోటు పని మానుకోమనే డాక్టర్లు చెబుతారు, పొట్టకూటి కోసం మానరు. వెళ్లక తప్పకపోతే నెలకి సరిపడా బిళ్లలు, మూత గట్టిగా బిగిసే డబ్బాలో, తడి తగలకుండా. బోటు మీద ఇంకో ఇద్దరికి సంగతి తెలిసుండాలి, వాళ్లకి పైన "ఎదురుగా ఫిట్స్ వస్తే" అన్నచోట చెప్పిన ఏడు అంచెలూ చదివి వినిపించండి.